గ్యాస్ స్టవ్ మంట పసుపు రంగులో వస్తోంది. బర్నర్‌ను ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా?

చాలావరకు చేసుకోవచ్చు. మంట పసుపు రంగులో లేచి గిన్నెల అడుగున మసి పట్టిస్తోందంటే గ్యాస్‌కు తగినంత గాలి అందడం లేదని అర్థం. జెట్ (గ్యాస్ బయటికి వచ్చే సన్నని రంధ్రమున్న చిన్న ముక్క) నుంచి వేగంగా వెలువడే గ్యాస్, స్టవ్ లోపల బర్నర్ కింది గొట్టం మొదట్లోని సందు గుండా గాలిని లాక్కుంటూ బర్నర్‌కు చేరుతుంది. ఆ దారిలో దుమ్ము పేరుకున్నా, సాలెగూడు కట్టినా, పొంగిన పాలు ఎండి గడ్డకట్టినా గాలి తగ్గిపోతుంది.

రెగ్యులేటర్ ఆపి, స్టవ్ పూర్తిగా చల్లారాక బర్నర్లను తీసి, సబ్బు కలిపిన వేడి నీటిలో అరగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, మూసుకుపోయిన రంధ్రాలను సన్నని తీగతో ఒక్కొక్కటిగా తెరవాలి. చాలామంది తొందరపడేది ఆరబెట్టడంలోనే: రంధ్రాల్లో తడి మిగిలితే అక్కడ మంట తెగుతుంది, కనుక పూర్తిగా ఆరాకే బర్నర్‌ను ఊగకుండా దాని స్థానంలో కూర్చోబెట్టాలి.

జెట్ రంధ్రాన్ని మాత్రం సూదితో కెలికి పెద్దది చేయకూడదు. గ్యాస్ ఎక్కువై మంట మళ్ళీ పసుపు రంగుకే తిరుగుతుంది. నాబ్ వెనుక ఉండే వాల్వ్ నుంచి గ్యాస్ వాసన వస్తే దాన్ని విప్పకుండా, సరఫరా ఆపి, కిటికీలు తెరిచి, మెకానిక్‌ను పిలవడమే సరైనది.