పాత బోరు బాగుచేయబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

మునిసిపాలిటీ పాత బోరును మళ్లీ వాడకంలోకి తెచ్చే పని నీకు అప్పజెప్పారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం వేసింది. ఆ వెనకే గుండెల్లో రాయి పడింది. ధవళేశ్వరం నుంచి నీళ్లు ఆపి కాలవలు కట్టేశాక మంచినీళ్ల చెరువు అడుగంటితే, ఊరంతా ఆ బోరు వైపే చూస్తుంది. అందులో ఉప్పు తగిలితే తిట్లన్నీ నీకే.

మోటారు పైకి లాగడం, కేబులు, వాల్వులు మార్చడం మీ ఫిట్టర్లకు వచ్చు. ఆ పని వాళ్లకే వదిలెయ్.

నువ్వు ముందు రోగం తేల్చు. బోరు వేసిన నాటి రికార్డు తీయించు. మోటారు ఆపి ఉన్నప్పటి నీటిమట్టం, నడిచేటప్పటి మట్టం, నిమిషానికి ఎన్ని లీటర్లు, ఈ మూడూ కావాలి. అప్పుడు మట్టం 4 మీటర్లు దిగి నిమిషానికి 500 లీటర్లు ఇచ్చిన బోరు ఇప్పుడు 6 మీటర్లు దిగి 300 ఇస్తోందనుకో. మీటరుకు 125 రావలసింది 50కి పడిపోయిందన్నమాట. ఆపినప్పటి మట్టం మారకుండా ఇలా తగ్గితే ఫిల్టరు పైపు, అదే నీళ్లు లోపలికొచ్చే చిల్లుల పైపు, పూడుకుంది. ఆ మట్టమే కిందికి పోతే నేలలోనే నీళ్లు తగ్గాయి, ఎంత కడిగినా లాభం లేదు. నీళ్లు తక్కువ వస్తూ మట్టం కూడా పెద్దగా దిగకపోతే మోటారు అరిగింది. కొలవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. 200 లీటర్ల డ్రమ్ము 40 సెకన్లలో నిండితే నిమిషానికి 300. మోటారు మళ్లీ దించేటప్పుడు పక్కనే ముప్పావు అంగుళం పీవీసీ పైపు కట్టించు, మట్టం టేపు అందులోంచి దిగుతుంది. దీన్ని అందరూ మర్చిపోతారు.

కెమెరా దించి చూడకుండా ఫ్లషింగుకు, అంటే కంప్రెసరు గాలితో బోరు కడగడానికి, ఒప్పుకోకు. బోరు గోడగా దించిన ఇనప కేసింగు పైపు తుప్పుపట్టి పలచబడి ఉంటే కంప్రెసరు గాలికే చితికిపోతుంది, ఆ తర్వాత బోరు ఇసుక కొడుతూనే ఉంటుంది. గట్టిగా ఉంటే బ్రష్షు, ఆ తర్వాత సర్జింగు, అంటే నీళ్లను పైకీ కిందికీ కుదిపి పూడిక వదిలించడం. ఫిల్టరు పైభాగం నుంచి మెల్లగా కిందికి రమ్మను. సున్నపు పెచ్చు కడితే సల్ఫామిక్ యాసిడ్. నీళ్ల పీహెచ్ మునుపటి అంకెకు వచ్చేదాకా తోడి పారబోశాకే బ్లీచింగ్. రెండూ కలిశాయంటే క్లోరిన్ వాయువు లేస్తుంది తల్లీ, మనుషులు పోతారు. యాసిడ్ పడ్డ రోజు గుంటలోకి ఎవర్నీ దిగనివ్వకు, నువ్వూ దిగకు.

బ్లీచింగ్ లెక్క ఇదీ. 200 మిల్లీమీటర్ల కేసింగులో మీటరుకు 31 లీటర్ల పైచిలుకు పడతాయి. 40 మీటర్ల నీళ్లుంటే సుమారు 1,250 లీటర్లు. లీటరుకు 200 మిల్లీగ్రాముల చొప్పున పావు కిలో క్లోరిన్, అంటే 25 శాతం పొడి ఒక కిలో. పైపు చుట్టూ పోసిన గ్రావెల్ కంకరలోనూ నీళ్లుంటాయి గనక రెండు కిలోలు వెయ్. పొడి నేరుగా బోరులో గుమ్మరించకు. డ్రమ్ములో కలిపి, సున్నం కిందికి పేరుకున్నాక పైతేట మాత్రం వంచు. లేకపోతే కడిగిన ఫిల్టరును మళ్లీ ఆ సున్నమే పూడుస్తుంది. ఒక రాత్రి ఉంచి, వాసన పోయేదాకా తోడించు.

ఇప్పుడు నా అసలు భయం. డెల్టాలో ఎన్ని మంచి బోర్లు పాడయ్యాయో, చాలావరకు ఒకటే తప్పు వల్ల. కడగ్గానే నీళ్లు ఉబికి వస్తాయి, అందరికీ హుషారొస్తుంది. "ఐదు హెచ్‌పీ తీసేసి పది పెడదాం, ఇంకో రెండు పైపులు దించుదాం" అంటారు. సముద్రం దాపున మన మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుతుంటాయి, పాల మీద మీగడలాగా. ఉప్పునీళ్ల బరువు కాస్త ఎక్కువ. కాగితం మీద లెక్క ప్రకారం పైన మంచినీటి మట్టం ఒక అడుగు దిగితే కింద ఉప్పు 40 అడుగులు పైకి రావాలి. మధ్యలో బంకమట్టి పొర ఉంటే నెమ్మదిస్తుందేమో గానీ, అది ఉందో లేదో బోరు లాగ్, అంటే తవ్వేటప్పుడు తగిలిన పొరల రికార్డు, చూస్తేనే తెలుస్తుంది. మొదటి వారం నీళ్లు తియ్యగానే ఉంటాయి. ఆ తర్వాత టీ విరుగుతోందని ఆడవాళ్లు అంటారు, ఎవరూ పట్టించుకోరు. తీరా మోటారు ఆపినా, పైకెక్కిన ఉప్పు అంత త్వరగా దిగదు. చుట్టుపక్కల ఉప్పునీటి రొయ్యల చెరువులుంటే మరీ జాగ్రత్త.

అందుకని పెద్ద మోటారు వద్దు. చిన్నది పెట్టి ఎక్కువ గంటలు నడిపించు, మధ్యలో విరామం ఇవ్వు, ఓవర్‌హెడ్ ట్యాంకు నెమ్మదిగా నిండనీ. కమిషనరు గారు కోప్పడితే నీటిమట్టం కాగితం ముందు పెట్టు. నోటితో వాదించకు, నీకు కోపమెక్కువ.

ఇంకోటి. వరిచేలలో నీళ్లు నిలిచిన రోజుల్లో టెస్టు చేసి సంబరపడకు. మన బోర్లకు ఊట కాలవల నుంచీ చేల నుంచీ వచ్చేదే. కడగడం జనవరి, ఫిబ్రవరిలో ముగించు, ఒక టెస్టు అప్పుడే చెయ్. అసలు టెస్టు మాత్రం కాలవలు కట్టేసిన కొన్ని వారాలకు. 24 గంటలు ఆపకుండా నడిపి, గంటగంటకూ మట్టం, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) రెండూ రాయించు. టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే నిశ్చింత. వేరే దారి లేనప్పుడు 2,000 వరకూ ఒప్పుకోవచ్చని ప్రమాణం. కానీ నువ్వు ఆ అంకె కోసం ఆగకు, గంటగంటకూ పెరుగుతూ పోతోందంటే 800 దగ్గరైనా సరే తోడకం తగ్గించెయ్.

ఎండలో నిలబడేటప్పుడు గొడుగు పట్టుకెళ్లు, సిగ్గుపడకు. రీడింగులు వాట్సాప్‌లో పంపు. మోటారు ఫొటోలు నాకెందుకు, టైము వేసి అంకెలు పంపు.

మీ మామయ్య