క్యూటీ డిజైనర్‌లో చేసిన ఫారాన్ని పైథాన్‌లో ఎలా తెరవాలి?

క్యూటీ డిజైనర్ అంటే విండోలను మౌస్‌తో లాగి తయారుచేసుకునే టూల్. అది సేవ్ చేసే యూఐ ఫైల్ నిజానికి ఎక్స్‌ఎంఎల్, అంటే ట్యాగులతో రాసిన టెక్స్ట్. పైథాన్‌లో క్యూటీ వాడేందుకు ఉన్న లైబ్రరీల్లో ఒకటైన పైక్యూటీలో అయితే మీ విండో క్లాస్ ఇనిట్‌లో ముందు సూపర్ ఇనిట్‌ను పిలిచి, తర్వాత యూఐసీ మాడ్యూల్‌లోని లోడ్‌యూఐకి ఫైల్ పాత్, సెల్ఫ్ ఇస్తే చాలు. బటన్లన్నీ డిజైనర్‌లో మీరు పెట్టిన ఆబ్జెక్ట్ పేర్లతోనే సెల్ఫ్‌లోకి వచ్చేస్తాయి. అక్కడ మెయిన్ విండో ఎంచుకుని ఉంటే మీ క్లాస్ కూడా క్యూమెయిన్‌విండో నుంచే రావాలి; చాలామంది ఇరుక్కునేది ఇక్కడే.

అలాంటి మరో లైబ్రరీ పైసైడ్‌. అందులో ఫారాన్ని తెరిచే క్యూయూఐలోడర్ అలా కాదు. సెల్ఫ్‌ను నింపదు, కొత్త విడ్జెట్‌ను తయారుచేసి చేతికిస్తుంది. దాన్ని ఏదో ఒక వేరియబుల్‌లో ఉంచుకోకపోతే విండో కనిపించకుండానే పోవచ్చు.

ఫైల్ దొరకలేదని ఎర్రర్ వస్తే టెన్షన్ పడకండి, పాత్‌ను స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్ నుంచి ఇవ్వండి. యాప్‌ను ఇతరులకు పంపేటప్పుడు నేనైతే పైక్యూటీతో వచ్చే పైయూఐసీ టూల్‌తో ఫారాన్ని పైథాన్ కోడ్‌గా మార్చేస్తాను. ఆ కోడ్‌లో మాత్రం చేత్తో ఏమీ రాయకండి, ఫారాన్ని మళ్లీ కోడ్‌గా మార్చినప్పుడు అంతా చెరిగిపోతుంది.