వచ్చినవాళ్ల మీదకల్లా ఎగబడుతోంది, కొట్టాల్సిందేనా?

ప్రశ్న: మా నాటు కుక్కకు ఎనిమిది నెలలు. గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందుకాళ్లు ఎత్తి మీద పడిపోతుంది. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, ఎక్కడ పడిపోతారోనని ఒకటే టెన్షన్. నాలుగు తగిలిస్తే అదే దారికొస్తుందని, తిండి పెట్టి నేర్పితే తిండి లేనిదే మాట వినదని మామగారు అంటున్నారు. నాకు కొట్టడం ఇష్టం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: కొట్టకండమ్మా. దెబ్బ పడినప్పుడు దాని ఎదురుగా ఉన్నది చుట్టాలు కాబట్టి, చుట్టాలొస్తే దెబ్బలు పడతాయని నేర్చుకుంటుంది, భయపడుతుంది. గుర్రుమన్నందుకు కొడితే ఇంకా ప్రమాదం, గుర్రుమనడం మానేసి ఏ హెచ్చరికా లేకుండా కరిచే కుక్క తయారవుతుంది.

అసలది దూకేది మనుషుల ముఖం అందుకోవాలని, పలకరించాలని. మీరు "ఏయ్, దిగు" అని అరిచి చేతుల్తో తోసినా దానికి కావలసిన పలకరింపు దొరికినట్టే. కాబట్టి దూకితే చూపు, మాట, చేయి ఏదీ దానికి అందకూడదు, అటు తిరిగి నిలబడాలి. మొదట్లో ఇంకా ఎక్కువ దూకుతుంది, ఇన్నాళ్లూ పనిచేసిన ఎత్తు కదా, ఊరికే వదలదు. అప్పుడు మెత్తబడితే మాత్రం మొండితనాన్ని మీరే నేర్పినవాళ్లవుతారు.

దాంతోపాటు ఏం చేయాలో కూడా చూపించాలి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్‌ను శనగబద్దంత ముక్కలు చేసి, ఒక ముక్క దాని ముక్కు దగ్గర పెట్టి మెల్లగా తల మీదుగా వెనక్కి జరపండి. తల పైకి లేస్తుంటే వెనక భాగం దానంతటదే కిందికి దిగుతుంది. నేలకు ఆనిన ఆ క్షణంలోనే "శభాష్" అని వెంటనే ముక్క పెట్టాలి. మీరు ఫ్రిజ్ దాకా వెళ్లి వచ్చేలోపు అది లేచి నిలబడితే, బహుమానం లేచినందుకు ఇచ్చినట్టు! అందుకే గుమ్మం పక్కనే డబ్బా ఉంచుకోండి. ఇది బాగా వచ్చాక ఇంట్లో ఒకరు బయటికెళ్లి బెల్ కొడితే, కుక్క మెడబెల్టు పట్టుకుని ఇదే చేయించండి. ఒకరు "కూర్చో", ఒకరు "సిట్" అనొద్దు, అందరిదీ ఒకే మాట.

మామగారి అనుమానం న్యాయమైనదే. పని నేర్చుకునేదాకా ప్రతిసారీ ముక్క పెట్టి, తర్వాత ఒకసారి ముక్క, ఇంకోసారి ఒట్టి మెచ్చుకోలు, నిమరడం, ఇలా మార్చేయాలి. అప్పుడప్పుడే ఫలితం దొరికే అలవాటు అంత తేలిగ్గా పోదని స్కిన్నర్ అనే శాస్త్రవేత్త ఎలుకలు, పావురాలతో చేసిన ప్రయోగాల్లో ఎప్పుడో తేలింది. ఇది రెండువైపులా పనిచేస్తుంది సుమా, దూకినప్పుడు ఇంట్లో ఒక్కరు "పోనీలే పాపం" అని ఎప్పుడైనా నిమిరినా ఆ దూకుడు పట్టుకుని కూర్చుంటుంది.

ఈ ముక్కలు రోజు మొత్తం తిండిలో పదో వంతు దాటకూడదు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ అసలు పెట్టొద్దు, విషం. పాయసంలో కిస్‌మిస్ ఉంటుంది, పిల్లలకు ముందే చెప్పండి.

అత్తగారి మీద మాత్రం ఈ సాధన చేయకండి. ఆవిడ వచ్చే వేళకు ముందే కుక్కను కట్టేయండి, ఆవిడ కుర్చీలో కుదురుగా కూర్చున్నాక, మీరు బెల్టు పట్టుకుని దగ్గరికి తీసుకెళ్లండి.