ల్యాప్‌టాప్ నెమ్మదించిందని అత్యవసర నిధిని ముట్టుకోవద్దు

ప్రశ్న: నేను ఇంటి నుంచే వీడియో ఎడిటింగ్ చేస్తాను. ఉద్యోగం కాదు, పని వస్తేనే డబ్బు. నాలుగేళ్ల కిందట కొన్న ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది. ఈమధ్య ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, బ్రౌజర్ కలిపి తెరిస్తే చాలు, బిగుసుకుపోతోంది. 32 జీబీ ఉన్న కొత్త ల్యాప్‌టాప్ తీసుకుందామనుకుంటున్నాను. అత్యవసర నిధిలో సగం తీసి డౌన్ పేమెంట్ కట్టి, మిగతాది 18 నెలల ఈఎంఐ పెట్టుకోవాలని ఆలోచన. ర్యామ్ ధరలు పెరుగుతున్నాయి, ఆలస్యం చేస్తే నష్టపోతావని స్నేహితులు అంటున్నారు. క్రెడిట్ కార్డు ఈఎంఐ మంచిదా, లోన్ యాప్ మంచిదా? ఇప్పుడున్న దానికి ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోవాలా? నా లెక్కలు, ల్యాప్‌టాప్ స్క్రీన్‌షాట్ జత చేశాను. - ఒక పాఠకురాలు

జవాబు: కార్డూ వద్దు, యాపూ వద్దు. మీ ఉత్తరాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. సొంతంగా పని చేసుకునేవాళ్లు చాలామంది సరిగ్గా ఈ పొరపాటే చేస్తున్నారు. సంపాదించి పెట్టే వస్తువు కదా, అప్పు చేసినా పర్వాలేదు అనుకుంటారు. ఆ అప్పుకు ముందు కట్టాల్సిన డబ్బు కోసం అత్యవసర నిధి మీద చెయ్యి వేస్తారు. ఒకే నెలలో నిధి తగ్గుతుంది, బాకీ పెరుగుతుంది. ఆదాయం మాత్రం ఎప్పటిలాగే ఒక నెల వస్తుంది, ఒక నెల రాదు.

ముందు మీ స్క్రీన్‌షాట్ సంగతి. ఏ ప్రోగ్రాము ఎంత వాడుకుంటోందో చూపే విండోస్ టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీని పంపారు, మంచి పని చేశారు. మొత్తం 8 జీబీ, వాడుకలో 7.3 జీబీ. దాని కింద కమిటెడ్ అనే చోట 13.6 అని ఉంది. అంటే మీరు తెరిచి పెట్టిన ప్రోగ్రాములన్నీ కలిపి 13.6 జీబీ దాకా అడిగి పెట్టుకున్నాయి. ఉన్నది 8. చాలనిదాన్ని విండోస్ డిస్క్ మీద పేజ్ ఫైల్‌లో సర్దుతోంది. మీది వేగంగా పనిచేసే డిస్క్ (ఎస్ఎస్‌డీ) అయినా ర్యామ్ వేగం దానికి రాదు. అందుకే ఎడిటింగ్ నుంచి బ్రౌజర్‌కు, బ్రౌజర్ నుంచి ఎడిటింగ్‌కు మారినప్పుడల్లా మౌస్ ఆగిపోతోంది. పక్కన చూస్తే అదే సమయంలో ప్రాసెసర్ 40 శాతం దగ్గరే ఉంది. ఇరుకంతా మెమరీ దగ్గరే.

అదే పేజీలో కింద చిన్న అక్షరాలతో ఇంకొన్ని వివరాలున్నాయి. స్పీడ్ 3200, స్లాట్స్ యూజ్డ్ 1 ఆఫ్ 2 (ర్యామ్ పెట్టే రెండు చోట్లలో ఒకటే వాడుకలో ఉంది), ఫార్మ్ ఫ్యాక్టర్ ఎస్ఓడిమ్ (ల్యాప్‌టాప్‌లకు వాడే పొట్టి ర్యామ్). మీరు అప్పు చేయబోతున్న సమస్యకు జవాబు అక్కడే ఉంది. మీ ల్యాప్‌టాప్‌లో రెండో స్లాట్ కొన్నప్పటి నుంచీ ఖాళీగానే ఉంది. అందులో ఇంకో 8 జీబీ ర్యామ్ స్టిక్ (ర్యామ్ చిప్‌లున్న చిన్న పట్టీ) పెడితే 16 అవుతుంది. మీ 13.6కు అది సరిపోతుంది. మీరు రాసిన ధరల ప్రకారమే ఆ స్టిక్ ఖర్చు కొత్త ల్యాప్‌టాప్‌లో పదో వంతు కూడా లేదు.

ఇప్పుడు డబ్బు లెక్క. మీ సగటు నెల ఆదాయాన్ని 100 అనుకుందాం. బండి ఈఎంఐతో కలిపి మీ ఖర్చు 85. మిగిలేది 15. అత్యవసర నిధి రెండు నెలల ఖర్చుకు సరిపడా, అంటే 170. కొత్త ల్యాప్‌టాప్ ధర 250. నిధిలో సగం తీసి 85 కడితే అప్పు 165. వడ్డీ ఏడాదికి 15 శాతం వేసుకున్నా 18 నెలల ఈఎంఐ 10 దాటుతుంది. మొత్తం మీద వడ్డీయే 20. వడ్డీ లేదని చెప్పే ఈఎంఐ దొరికినా సంతోషపడకండి, ఒకేసారి కడితే వచ్చే తగ్గింపు అక్కడ పోతుంది, ప్రాసెసింగ్ ఫీజు ఉండనే ఉంటుంది.

ఇంతవరకూ చూస్తే భరించగలిగినట్టే ఉంటుంది. మిగిలే 15లో 10 పోయినా 5 మిగులుతుంది కదా అనిపిస్తుంది. కానీ పని తగ్గిన నెలల్లో ఆదాయం సగానికి పడిపోతుందని మీరే రాశారు. అలాంటి నెలలో వచ్చేది 50, అయ్యేది 85. లోటు 35. మీ నిధి 170 అలాగే ఉంటే, ఇలాంటి నెలలు వరుసగా వచ్చినా దాదాపు ఐదు నెలలు ఎవరినీ చెయ్యి చాచి అడగకుండా నెట్టుకురాగలరు. అదే ఈఎంఐ నెత్తిన పెట్టుకుని, నిధిలో సగమే ఉంటే? నెల లోటు 45, చేతిలో 85. రెండు నెలలు కూడా నిండవు. మూడో నెలలో ఏం చేస్తారు? కార్డు మీద మినిమమ్ డ్యూ (కనీస మొత్తం) మాత్రమే కట్టి తోసేస్తారు. నెలకు 3 శాతం వడ్డీ అంటే చిన్నగా వినిపిస్తుంది. చక్రవడ్డీగా పన్నెండు నెలలు తిరిగితే 42 శాతం దాటుతుంది. ల్యాప్‌టాప్ ఎంత వేగంగా పనిచేసినా ఆ బాకీ వేగాన్ని అందుకోలేదు.

లోన్ యాప్ మాట ఇక ఎత్తకండి. అప్పు ఇవ్వడానికి ఫోన్‌లోని కాంటాక్టులు, ఫోటోలు చూసే అనుమతి అడిగే యాప్ మీకు డబ్బు ఇవ్వడం కంటే మిమ్మల్ని పట్టుకునే మార్గాలు వెతుక్కుంటోందని అర్థం. ఒక వాయిదా ఆలస్యమైతే ఫోన్లు వెళ్లేది మీ క్లయింట్లకు. పరువు మీద, నమ్మకం మీద నడిచే పని మీది. ఒక ర్యామ్ స్టిక్ కోసం దాన్ని తాకట్టు పెడతారా? ఫోన్‌లో ఇప్పటికే వేసుకుని ఉంటే ఆ అనుమతులన్నీ తీసేసి, యాప్‌ను తొలగించండి.

ధరలు పెరుగుతున్నాయన్న మీ స్నేహితుల మాట అబద్ధం కాదు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివరి నుంచి మెమరీ ధరలు గట్టిగానే పెరిగాయి. అయితే ఆ పెరుగుదల కొత్త ల్యాప్‌టాప్‌లోని 32 జీబీ మీదా పడుతుంది కదా. ధర ఎక్కువగా ఉన్నప్పుడు అవసరమైనంతే కొనుక్కోవాలి. ఎక్కువ మెమరీని, అదీ అప్పు మీద కొనడానికి ఇది సమయం కాదు. మీ అంకెల్లో 32 జీబీ అవసరం నాకు ఎక్కడా కనిపించలేదు.

స్టిక్ కొనేటప్పుడు మాత్రం తొందరపడొద్దు, తప్పుడు స్టిక్ కొంటే ఆ డబ్బూ వృథాయే. మీ ల్యాప్‌టాప్ వయసు, 3200 స్పీడ్ చూస్తే లోపల ఉన్నది డీడీఆర్4 అనే తరం ర్యామ్ అనిపిస్తోంది. పాత స్టిక్ మీద ఉన్న లేబుల్ చూసి ఖాయం చేసుకోండి. దాని తర్వాతి తరమైన డీడీఆర్5 స్టిక్ ఆ స్లాట్‌లో కూర్చోదు. రెండింటికీ మధ్యలో ఉండే గాడి వేరే చోట ఉంటుంది, పిన్నులు కూడా వేరు, డీడీఆర్4కు 260, డీడీఆర్5కు 262. డెస్క్‌టాప్‌కు వాడే పొడుగు స్టిక్ ల్యాప్‌టాప్‌లో పట్టదు, ఎస్ఓడిమ్ అనే అడగాలి. ఉన్నది 8 కాబట్టి కొత్తదీ 8, అదే 3200 తీసుకుంటే రెండూ జంటగా డ్యూయల్ చానెల్‌లో, అంటే రెండు దారుల్లో ఒకేసారి డేటా అందిస్తూ పనిచేస్తాయి. మీ ల్యాప్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, గ్రాఫిక్స్ కూడా ఈ ర్యామ్‌నే పంచుకుంటుంది. అందుకని ఆ జంట వల్ల వీడియో పనిలో తేడా బాగానే కనిపిస్తుంది. ఇంకా ఎక్కువ స్పీడ్ రాసి ఉన్న స్టిక్‌కు అదనంగా డబ్బు పెట్టొద్దు, రెండూ కలిసి తక్కువ స్పీడ్‌లోనే నడుస్తాయి.

కొనే ముందు ఇంకొక్క పని. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఒక ర్యామ్ బోర్డుకే అతికించి ఉండి, అదీ ఒక స్లాట్‌గానే లెక్కలోకి వస్తుంది. మీ మోడల్ నంబరుతో కంపెనీ మాన్యువల్ తెరిచి, స్లాట్లు ఎన్ని, గరిష్ఠంగా ఎంత ర్యామ్ తీసుకుంటుంది అన్నది చదవండి. పెట్టడం కష్టమేమీ కాదు. ఛార్జర్ పీకి, వెనక మూత విప్పి, బ్యాటరీ కనెక్టర్ తీసి, స్టిక్‌ను ఏటవాలుగా స్లాట్‌లోకి పూర్తిగా తోసి, మెల్లగా కిందికి నొక్కితే రెండు పక్కల క్లిప్పులు టక్కుమని పట్టుకుంటాయి. బంగారు రంగు అంచు బయటికి కనబడుతుంటే సరిగా కూర్చోలేదన్నమాట. భయంగా ఉంటే మెకానిక్‌తో మీ ఎదురుగానే పెట్టించండి. ఆ రాత్రికి ర్యామ్‌ను పరీక్షించే విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ ఒకసారి నడిపి చూడండి. స్టిక్‌లో లోపం ఉంటే వెనక్కి ఇచ్చే గడువులోనే తెలిసిపోవాలి. ఎడిట్ చేసిన ఫైళ్లు పాడయ్యాక తెలిస్తే ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

ఈ ఖర్చు కూడా అత్యవసర నిధిలోంచి వద్దు. ధర 25 లోపే, మీకు నెలకు మిగిలేది 15. రెండు నెలల మిగులుతో అప్పు లేకుండా వచ్చేస్తుంది. ఈ రెండు నెలలూ ఎడిటింగ్ చేసేటప్పుడు బ్రౌజర్ మూసేసి, స్టార్టప్‌లో తమంతట తాము తెరుచుకునే ప్రోగ్రాములను ఆపేసి పని నడపండి. ఇబ్బందిగానే ఉంటుంది, తెలుసు. ఆపేసిన ప్రతి ప్రోగ్రామూ ఆ 13.6ను కొంత కిందికి దించుతుంది.

అసలు నేను అడిగేది ఆ తర్వాతి నెలల గురించి. నెలకు 15 మిగులుతున్నా మీ నిధి చాలాకాలంగా 170 దగ్గరే ఆగిపోయింది. మీలా ఆదాయం నిలకడగా లేనివాళ్లకు రెండు నెలల నిధి ఏ మూలకూ చాలదు. ఆరు నెలల ఖర్చు ఉండాలి, మీ లెక్కలో 510. ఉద్యోగికి ల్యాప్‌టాప్ పాడైతే ఆఫీసు ఇంకోటి ఇస్తుంది, జీతం ఆగదు. మీకు ల్యాప్‌టాప్ పాడైన రోజే ఆదాయమూ ఆగుతుంది, రిపేరు ఖర్చూ అదే రోజు వచ్చి పడుతుంది. ఈఎంఐలో కొన్న ల్యాప్‌టాప్ పాడైతే మూడోది కూడా తోడవుతుంది, వాయిదా ఆగదు. అందుకే మీలాంటివారికి నేను ఆరు నెలల కంటే తక్కువ చెప్పను.

నెలకు 15 చొప్పున 170 నుంచి 510కి చేరడానికి 23 నెలలు పడుతుంది. ఎక్కువ కాలమే. బాగా వచ్చిన నెలలో ఇంకొంచెం కలిపితే తగ్గుతుంది. ఈ రెండేళ్లూ మీ ల్యాప్‌టాప్ పని చేస్తూ ఉండటానికే ఆ స్టిక్. కొత్తది కొనే ఆలోచనను రెండేళ్లు వెనక్కి నెట్టడానికి ఇంతకంటే తక్కువ ఖర్చు దారి నాకు తెలియదు. నిధి నిండాక అదే 15ను వేరే ఖాతాలోకి మళ్లించండి. 17 నెలల్లో 255 అవుతుంది, ఇవాళ మీరు చూస్తున్న ల్యాప్‌టాప్ ధర చేతికి వస్తుంది.

అప్పుడు కొనేటప్పుడు కూడా స్లాట్ ఉన్నదే చూడండి. పలచటి మోడళ్లలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికించి వస్తోంది. యాపిల్ 2020లో ఎం1 తెచ్చినప్పటి నుంచి మెమరీని ప్రాసెసర్ ప్యాకేజీలోనే పెడుతోంది, ఇంటెల్ 2024లో తెచ్చిన కోర్ అల్ట్రా 200వీ చిప్‌లదీ అదే తీరు. అలాంటివి కొంటే రాబోయే నాలుగైదేళ్ల అవసరాన్ని మొదటి రోజే ఊహించి, మొదటి రోజే మొత్తం కట్టాలి. అందుకే అవి కొనేవాళ్లు అప్పు వైపు తేలిగ్గా జారిపోతారు. స్లాట్ ఉంటే ఇవాళ 16తో కొని, అవసరం పడినప్పుడు, డబ్బు ఉన్నప్పుడు పెంచుకోవచ్చు. ఆదాయం హెచ్చుతగ్గులుగా ఉన్నవారికి ఖర్చును ఇలా వాయిదా వేసుకునే వీలు చాలా పెద్ద విషయం.

ఎక్స్‌టెండెడ్ వారంటీ గురించి కూడా అడిగారు. నాలుగేళ్ల పాతదానికి అవసరం లేదు. ఆరోగ్య బీమా ఉందో లేదో మీరు రాయలేదు, లేకపోతే మాత్రం నిధి నింపుతూనే దాని సంగతి చూడండి.

స్టిక్ వేశాక వారం రోజులు మామూలుగా పని చేసి, వాడుకలో ఎంత ఉంది, కమిటెడ్ ఎంత ఉంది రాసి పెట్టుకుని నాకు పంపండి. 16లోనూ వాడుక 15 దగ్గర తిరుగుతూ, పని ఇంకా ఆగుతూనే ఉంటే అప్పుడు కొత్త ల్యాప్‌టాప్ గురించి మాట్లాడదాం. అప్పుడు కూడా డౌన్ పేమెంట్ అత్యవసర నిధిలోంచి తీయను అనే షరతు మీదే.