ఖాళీ కుర్చీ తుడిచే అటెండరు

అమ్మా, ఆశీస్సులు.

గవర్నమెంటు ఆఫీసు మీద నువ్వు రాసిన హాస్య నాటిక అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి పదకొండో పేజీ దగ్గర విసిరికొట్టాను. అక్కడ నువ్వు బ్రాకెట్లో "ప్రేక్షకులు పగలబడి నవ్వుతారు" అని రాశావు. నవ్వాలో వద్దో వాళ్లిష్టం తల్లీ, నువ్వెవరు చెప్పడానికి? పోనీ అక్కడున్నదేమిటయ్యా అంటే, సోడాబుడ్డి కళ్లద్దాల హెడ్ గుమస్తా కునుకు తీస్తూ కుర్చీలోంచి కింద పడటం. గుమస్తాలు కుర్చీలోంచి పడరు. పాతికేళ్లు ఆ కుర్చీల్లో కూర్చున్నవాణ్ణి, కునుకూ తీశాను, ఒక్కసారీ పడలేదు.

రెండోసారి చదివింది నీ అటెండరు కోసం. ఆఫీసరు బదిలీ అయి ఏడు నెలలైనా, ఆయన రోజూ పొద్దున్నే ఆ కుర్చీ తుడిచి, గ్లాసులో నీళ్లు మార్చి, మూత పెట్టి వెళ్తాడు. ఎవరూ ఏమీ అనరు. అది బాగుంది.

ఇక నా గోల విను. ఇలాంటి నాటకంలో స్టేజీ మీద ఒక్కడూ నవ్వకూడదు, ఒక్కడూ వెర్రివాడిలా కనపడకూడదు. ఎవరు చేసే పని చూసినా రూలు ప్రకారం సబబే అనిపించాలి, అందరూ అంత సబబుగా ఉన్నాక పని మాత్రం అంగుళం కదలకూడదు.

నేను జూనియర్ అసిస్టెంటుగా ఉన్నప్పుడు నాటక పరిషత్తు పోటీలో నాటిక వేయాలంటే పై అధికారి అనుమతి కావాలన్నారు. స్క్రిప్టు జతచేసి దరఖాస్తు పెట్టాను. అది ఇన్‌వార్డులో నంబరు వేయించుకుని, నాలుగు టేబుళ్లు తిరిగి, చివరికి నా సీటుకే వచ్చింది, ఎందుకంటే ఆ సబ్జెక్టు చూసేది నేనే. నా దరఖాస్తు మీద నేనే నోటు రాశాను. "నాటికలో అభ్యంతరకర అంశములు లేవని దరఖాస్తుదారు ధ్రువీకరించియుండలేదు" అని కొర్రీ కూడా నేనే వేశాను, నేను వేయకపోతే సూపరింటెండెంటు వేస్తాడు. నాకు నేనే మెమో టైపు చేసి, డిస్పాచి చేయించి, బంట్రోతు తెచ్చిస్తే సంతకం పెట్టి తీసుకున్నాను. నాలుగు రోజులాగి సూపరింటెండెంటు ఫైలు తిరగేస్తూ, "ఈ దరఖాస్తుదారు ఇంకా జవాబివ్వలేదేమయ్యా, రిమైండరు పంపు" అన్నాడు. ఎదురుగా ఉన్నది నేనే. ఆయనా నవ్వలేదు, నేనూ నవ్వలేదు. పంపాను.

ప్రాగ్‌లో చెక్ నాటకకర్త హావెల్ రాయగా 1965లో వేసిన నాటకంలోనూ ఇదే సరుకు. డైరెక్టరుగారికి కొత్త ఆఫీసు భాషలో మెమో వస్తుంది, చదవలేడు, అనువాదం చేయించుకుందామంటే ఒకరి అనుమతికి ఇంకొకరి అనుమతి కావాలి, తిరిగి తిరిగి మొదటికే వస్తుంది. ఆ భాషలో వాంబాట్ అనే జంతువు పేరుకు 319 అక్షరాలు! ఆయన తర్వాత దేశాధ్యక్షుడయ్యాడు గానీ, నాకు గురి కుదిరింది అందుకు కాదు, అదే థియేటర్లో ముందు స్టేజీ సామాన్లు మోసినందుకు. మనకైతే భాష కనిపెట్టే శ్రమ కూడా లేదు. "తగు చర్య నిమిత్తం సమర్పించడమైనది." ఎవరు సమర్పించారు? ఎవరికి? నీ పాత్రలేమో సినిమా పంచ్‌లు కొడుతున్నాయి. పది జీవోలు చదువు, చెవికి ఎక్కేదాకా చదువు.

ప్రదర్శన గురించి ఏదో అడిగావు. నిజం ఫైళ్లు తెచ్చుకో. అట్టల మధ్య న్యూస్‌పేపర్లు పెట్టి కడితే నటుడు బరువును నటించడం మొదలుపెడతాడు, మూడో వరసలోవాడికి కూడా తెలిసిపోతుంది. ట్యాగు ముడి విప్పడం, స్పాంజి డబ్బాలో వేలు తడుపుకోవడం, పేజీలు తిప్పడం, దొరక్క మళ్లీ మొదటి నుంచి తిప్పడం, ఇదంతా మాట లేకుండా ఇరవై సెకన్లు చేయించు. పన్నెండో సెకనుకి హాల్లో ఎవరో కిసుక్కుమంటారు. అప్పుడు నటుడు తలెత్తాడో, చంపెయ్. డైలాగు వచ్చినప్పుడల్లా పైన వేలాడే మైకు కిందికి నడిచొచ్చే జబ్బు కూడా మాన్పించు. ఉరుములూ వీణలూ వద్దు, పాత ఫ్యాను కిర్రుమంటే చాలు.

చివర్లో కలెక్టరు వచ్చి అవినీతి మీద ఉపన్యాసం ఇస్తాడే, అది ఎవరి కోసం పెట్టావో నాకు తెలుసు. నాకూ ఒక పరిషత్తులో జడ్జీలు "హాస్యమున్నది, సందేశము లేదు" అని మార్కులు కోశారు. ఆ ఏడాది బహుమతి కొట్టిన నాటికలో తల్లి పోతుంది, తండ్రి పోతాడు, కొడుక్కి బుద్ధి వస్తుంది. ఒక సంపాదకుడు "ఉద్యోగులు నొచ్చుకుంటారు" అని నా స్క్రిప్టు తిప్పి పంపాడు. ఉద్యోగులు ఆయన పత్రిక చదివితే కదా! కలెక్టర్ని తీసెయ్. కుర్చీ తుడవడం దగ్గర తెర దించు.

నా అనుమతి సంగతి చెప్పలేదు కదూ. వచ్చింది, పోటీలైన మూడు వారాలకి. ఫైలు మీద ఎల్.డిస్. వేశారు, అంటే ఏడాది ఉంచి తీసేయమని. చేత్తో రాసిన స్క్రిప్టు, ఉన్న ఒక్క ప్రతీ అందులోనే. తిరిగిమ్మంటే, ఫైల్లో చేరిన కాగితం బయటికివ్వకూడదన్నారు. అదీ సబబే. ఏడాది తిరిగాక తీసేయాల్సిన ఫైళ్ల జాబితా రాసింది కూడా నేనే. వరస నంబరు నలభై రెండు.

తిరగరాసి పంపు. జిరాక్సు తీసి పంపు.