బరోక్ శిష్యులకు సుద్దతో మనిషి బొమ్మ ఎందుకు నేర్పేవారు?

బరోక్ (సుమారు పదిహేడో శతాబ్దపు యూరప్ కళాశైలి) కాలపు చిత్రకళా శిష్యులు రంగుల జోలికి పోకముందు ఏళ్ల తరబడి సుద్దతో మనిషి బొమ్మలే ఎందుకు గీసేవారు, అదే సాధన పెన్సిలుతో చేస్తే సరిపోదా అని మీరు అడిగారు. మోడల్‌ను ఎదుట కూర్చోబెట్టుకుని రెండింటితోనూ గీసిన అనుభవంతో చెబుతున్నాను, సరిపోదు.

1582 ప్రాంతంలో ఇటలీలోని బొలోన్యాలో చిత్రకారులు అన్నీబాలె, అగోస్తీనో కరాచ్చీ సోదరులు, వారి బంధువు లొడొవీకో కలిసి నెలకొల్పిన అకాడమీలో సజీవ మోడల్‌ను చూసి గీయడానికే పెద్దపీట వేశారు. 1648లో పారిస్‌లో వెలసిన రాజ అకాడమీలో ఇది ఒక క్రమంలో స్థిరపడింది: ముందు గురువుల చిత్రాలకు నకళ్లు, తర్వాత ప్లాస్టర్ విగ్రహాలు, ఆపైనే మోడల్. మోడల్‌గా నిలిచేది మగవాడే, గీసేవారూ మగవారే. చేయి పైకెత్తిన భంగిమలో ఎక్కువసేపు నిలవడం ఎవరి తరమూ కాదు కనుక అతనికి కర్రో, పైనుంచి వేలాడే తాడో ఆసరాగా ఇచ్చేవారు. ఆనాటి అభ్యాస చిత్రాలు కొన్నింటిలో అవి కూడా కనిపిస్తాయి.

పెన్సిలు మొన మనల్ని అంచుల వెంట తిప్పుతుంది. సుద్దను కొనతో పట్టుకుంటే గీత, పక్కకు వాల్చి రుద్దితే నీడ వస్తాయి కాబట్టి, వెలుగునీడలే ప్రాణమైన బరోక్ చిత్రానికి అంతకన్నా తగిన శిక్షణ లేదు. 1597లో మొదలైన రోమ్‌ ఫర్నేసే భవనపు కప్పు చిత్రాల కోసం అన్నీబాలె గీసుకున్న యువకుల బొమ్మలను గమనించండి. నీలి కాగితంపై నల్ల సుద్దతో నీడలు, తెల్ల సుద్దతో వెలుగులు దిద్దాడు. మిగిలిన ఒళ్లంతా దాదాపు ఖాళీ కాగితమే.

ఆ పద్ధతిలోనే మా గురువుగారు మాకు బూడిదరంగు కాగితం ఇచ్చి, నలుపును, తెలుపును ఒకదానికొకటి తగలనివ్వవద్దని కట్టడి చేశారు. కలిస్తే మిగిలేది మడ్డి రంగే. వీపు తిప్పి కూర్చున్న మోడల్‌ రెక్క ఎముక అంచున చిన్న తెల్ల గీత, దాని కింద పలుచని నీడ వేసి, మధ్యలో కాగితాన్ని ముట్టుకోకుండా వదిలేస్తే, అక్కడ కండ దానంతటదే గుండ్రంగా తేలింది. ఎంత గీయాలన్నదానికన్నా ఎక్కడ ఆగాలన్నదే ఆ సాధనలో నాకు ఎక్కువగా పనికొచ్చింది.

మీరు నల్ల సుద్దతో మొదలుపెట్టండి, వేలితో పులమకండి. జేగురు రంగు సుద్ద కాగితాన్ని గట్టిగా పట్టుకుంటుంది, తుడిచినా మరక పూర్తిగా పోదు. కొలతలు కుదిరేదాకా దాన్ని పక్కన ఉంచడం మంచిది.