నిరోధకమా, నిరోధితమా?

సందేహం: కళాశాల పత్రికకు మోడాఫినిల్ అనే మందు గురించి ‘మెళకువనిచ్చే మందు’ పేరుతో వ్యాసం రాశాను. అందులో ‘ఈ మందు మెదడులోని నిరోధిత సంకేతాలను అడ్డుకుంటుంది’ అన్నాను. మిత్రురాలు ‘నిరోధక’ అని దిద్దింది. ఏది సరి?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

సమాధానం: మీ మిత్రురాలి దిద్దుబాటు సరైనదే. అయితే ఆ వాక్యంలో దిద్దవలసింది మరొకటి కూడా ఉంది.

పనిచేసేది ‘ప్రేరకం’, ఆ పనికి లోనైనది ‘ప్రేరితం’. నిరోధక, నిరోధిత శబ్దాలకూ ఇదే తేడా. మీ జిల్లాకు నీళ్లిచ్చే కర్నూలు–కడప కాలువనే చూడండి: తూము తలుపు నిరోధకం, దాని వెనుక నిలిచిన నీరు నిరోధితం. మెదడులో గాబా అనే రసాయనం మోసుకుపోయే సంకేతం తలుపు వంటిదే. గాబా వెళ్లి పక్క కణం పొరమీద సంకేతాన్ని అందుకునే గ్రాహకాన్ని తాకుతుంది. క్లోరైడ్ అయాన్లు లోపలికి చేరతాయి, కణం లోపల ఋణావేశం పెరుగుతుంది, ఆ కణం ఇక తేలికగా స్పందించదు. ఆపుతున్నది సంకేతం, ఆగుతున్నది కణం. దాన్ని ‘నిరోధిత సంకేతం’ అంటే అర్థం తలకిందులవుతుంది.

‘రోగనిరోధక శక్తి’ బాగా వాడుకలో ఉండటం వల్ల నిరోధం అనగానే తట్టుకునే శక్తి అన్న అర్థమే చాలామందికి తడుతుంది. పతంజలి ‘చిత్తవృత్తి నిరోధః’ అన్నప్పుడు చెప్పింది అదుపు గురించి. మీ పాఠకులు విద్యార్థులే కాబట్టి ‘అదుపు సంకేతాలు’ అంటే ఇంకా హాయిగా ఉంటుంది. నా ఓటు దానికే.

ఇక ‘అడ్డుకుంటుంది’ అన్న క్రియ. నాకు ఎక్కువ పట్టింపు ఇక్కడే. మోడాఫినిల్ గాబా గ్రాహకాలకు అంటుకుని వాటిని మూసివేయదు. జంతువులపై జరిపిన ప్రయోగాల్లో మెదడు పైపొరలో గాబా విడుదల తగ్గినట్లు కనిపించింది. కాబట్టి ‘తగ్గిస్తుంది’ అనండి. అడ్డుకోవడం మరోచోట ఉంది: మెదడులోని మరో రసాయనమైన డోపమైన్‌ను తిరిగి కణంలోకి లాగే రవాణా ప్రోటీన్‌ను ఈ మందు నిజంగానే అడ్డుకుంటుంది. రెండు పనులకూ ఒకే క్రియ వాడితే పాఠకుడికి తప్పు శాస్త్రం చేరుతుంది. ‘మెదడులోని అదుపు సంకేతాలను ఈ మందు తగ్గిస్తుందని జంతువులపై ప్రయోగాల్లో తేలింది’ అని రాయండి.

శీర్షిక కూడా మార్చాలి. నిద్రపోకుండా ఉండే స్థితి మెలకువ. పనిలోని ఒడుపు మెళకువ. పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే నార్కోలెప్సీ రోగులకు అమెరికాలో 1998లో అనుమతించిన ఈ మందు ఇచ్చేది మొదటిదే.